బయటి డ్రైవును ఎవరు పడుకోబెట్టాలి: కెర్నలా, డ్రైవా, మీరా?

లైనక్స్ లాప్‌టాప్‌కు ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ తగిలించి ఉంది. మూత మూశారు, భోజనం చేసి వచ్చి తెరిచారు. కొందరికి డ్రైవు ఉన్నచోటే ఉంటుంది. కొందరికి ఫోల్డరు పేరు కనిపిస్తుంది గానీ లోపలికి వెళ్లబోతే ఇన్‌పుట్/అవుట్‌పుట్ ఎర్రర్ వస్తుంది. లైనక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ రాసుకునే లాగ్ తీసి చూస్తే కథంతా అందులోనే ఉంటుంది. ముందు పాత డ్రైవు డిస్‌కనెక్ట్ అయిందన్న లైను, దాని కిందే కొత్త యూఎస్‌బీ డివైస్ దొరికిందన్న లైను. మూత మూయకముందు ఎస్‌డీబీ అనే పేరుతో ఉన్న డ్రైవే ఇప్పుడు ఎస్‌డీసీ అయి కూర్చుంది. మౌంట్ (డ్రైవును ఫోల్డరుగా చూపే ఏర్పాటు) మాత్రం ఇంకా లేని ఎస్‌డీబీని పట్టుకుని వేలాడుతోంది.

దీనికి మందు వెతికితే మొదట దొరికే సలహా "ఆటోసస్పెండ్ ఆపేయండి" అని. ఆ సలహాకూ ఈ జబ్బుకూ దాదాపు సంబంధం లేదు. ఆటోసస్పెండ్ అంటే మిషన్ మెలకువగా ఉండగానే, పని లేని ఒక్క పరికరాన్ని కెర్నల్ పడుకోబెట్టడం. మూత మూస్తే పడుకునేది మొత్తం సిస్టమ్. రెండిటికీ సెట్టింగులు వేరు, తేడా చేస్తే జరిగే నష్టం కూడా వేరు.

బయటి స్టోరేజీ విషయంలో మన చేతిలో ఉన్న దారులు నాలుగు. మనమే అన్‌మౌంట్ చేసి పవర్ తీసేయడం ఒకటి. డ్రైవు సొంత టైమరుతో దాన్నే పడుకోనివ్వడం రెండోది. కెర్నల్ రన్‌టైమ్ ఆటోసస్పెండ్ మూడోది. సిస్టమ్ మొత్తం పడుకున్నప్పుడు డ్రైవును గుర్తు పెట్టుకోమని కెర్నల్‌కు చెప్పే పర్‌సిస్ట్ నాలుగోది. వీటిలో ఏది ఎంచుకోవాలో తేల్చడానికి నేను రెండే ప్రశ్నలు వేసుకుంటాను. దీనివల్ల నిజంగా కరెంటు మిగులుతుందా? లేచినప్పుడు ఎదురుగా ఉన్నది అదే సరుకని కెర్నల్‌కు ఎలా తెలుస్తుంది? చాలా గైడ్లు మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి. డేటా పోయేది మాత్రం రెండో ప్రశ్న దగ్గర.

ఆటోసస్పెండ్: ఆన్ చేశామని మనం అనుకుంటాం

ముందు దీని సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే ఎక్కువమంది చేయి పెట్టేది ఇక్కడే. యూఎస్‌బీ నియమాల ప్రకారం సస్పెండ్ అయిన పరికరం 2.5 మిల్లీయాంపియర్లకు మించి లాగకూడదు. మెలకువగా ఉన్నప్పుడు యూఎస్‌బీ 2 పోర్టు 500, యూఎస్‌బీ 3 పోర్టు 900 మిల్లీయాంపియర్ల వరకు ఇవ్వగలవు. అంకెలు చూస్తే ఆశ పుడుతుంది. పైగా పరికరాలన్నీ పడుకుంటే లాప్‌టాప్‌లోని యూఎస్‌బీ కంట్రోలరు కూడా పడుకుంటుంది, ప్రాసెసరుకు ఇంకా లోతైన విశ్రాంతి స్థితికి వెళ్లే వీలు దొరుకుతుంది. బ్యాటరీ మీద అసలు లాభం పెన్‌డ్రైవు తాగే కరెంటులో కంటే ఇక్కడే ఉంది.

అయితే లైనక్స్‌లో యూఎస్‌బీ ఆటోసస్పెండ్ డిఫాల్ట్ వ్యవధి 2 సెకన్లని చదివి, తమ డ్రైవు 2 సెకన్లకే పడుకుంటోందని కొందరు టెన్షన్ పడతారు. అలా జరగదు. వ్యవధి ఉన్నా, హబ్బులు తప్ప మిగతా పరికరాల కంట్రోల్ ఫైల్‌లో (పడుకోవచ్చో లేదో చెప్పే ఫైలు) కెర్నల్ పెట్టే విలువ "ఆన్". అంటే ఎప్పుడూ మెలకువే. దాన్ని "ఆటో"కు మార్చేది పవర్‌టాప్, టీఎల్‌పీ లాంటి కరెంటు పొదుపు టూల్స్.

అలా మార్చినా స్టోరేజీకి ఇంకో మెలిక ఉంది. కెర్నల్ దృష్టిలో మీ డ్రైవు ఒక్క వస్తువు కాదు, ఒక వంశం. పైన యూఎస్‌బీ పరికరం, దాని కింద స్కజీ (డిస్కులతో మాట్లాడే కమాండ్ల పద్ధతి) హోస్ట్, దాని కింద స్కజీ డిస్క్. పిల్ల పడుకుంటే తప్ప తల్లి పడుకోకూడదన్నది రన్‌టైమ్ పవర్ మేనేజ్‌మెంట్ మూల సూత్రం. స్కజీ డిస్కుకు సొంతంగా ఇంకో కంట్రోల్ ఫైల్ ఉంటుంది. అది కూడా "ఆన్"లోనే మొదలవుతుంది, దాని వ్యవధి మైనస్ 1, అంటే అసలు పడుకోవద్దని. కాబట్టి పవర్‌టాప్‌లో యూఎస్‌బీ లైనును "గుడ్" చేసేసి కరెంటు మిగిలిందని సంబరపడితే, కింద డిస్కు కళ్లు తెరుచుకునే ఉంటుంది. నిజంగా పడుకోబెట్టాలంటే డిస్కు కంట్రోల్ ఫైల్‌లో కూడా "ఆటో" రాసి, వ్యవధి మిల్లీసెకన్లలో ఇవ్వాలి. పడుకుందో లేదో రన్‌టైమ్ స్టేటస్ ఫైల్ చదివితే తెలుస్తుంది. "సస్పెండెడ్" అని లేకపోతే మీరు మార్చిన సెట్టింగు కాగితం మీదే ఉంది.

యూఎస్‌బీ కార్డ్ రీడర్ల సంగతి ఇంకా విడ్డూరం. కార్డు పెట్టారా లేదా అని అవి తమంతట తాము చెప్పవు, కాబట్టి కెర్నలే అడుగుతూ ఉండాలి. పరికరాలు తగిలినప్పుడు సెట్టింగులు పెట్టే యూడెవ్ డిఫాల్ట్ ప్రకారం ప్రతి 2000 మిల్లీసెకన్లకు ఒకసారి అడుగుతుంది. రెండు సెకన్లకోసారి తట్టి లేపుతుంటే ఎవరు మాత్రం పడుకుంటారు? ఆ ఒక్క పరికరానికి పోలింగ్ వ్యవధిని 0 చేస్తే ప్రశ్నలు ఆగిపోతాయి, కానీ కార్డు పెడితే దానంతట అది కనిపించదు. దీనికి నా సలహా చాలా మామూలుది: పని అయ్యాక కార్డ్ రీడర్‌ను పీకి బ్యాగులో పడేయండి.

మొత్తం మీద స్టోరేజీకి ఆటోసస్పెండ్ వల్ల లాభపడేది ఒక్కటే రకం: రోజంతా తగిలించి ఉంచే యూఎస్‌బీ ఎస్‌ఎస్‌డీ. దానిలో తిరిగేదేమీ లేదు, లేవడానికి సమయం పట్టదు. ఎన్‌క్లోజరులోని (డ్రైవు బయటి డబ్బాలోని) బ్రిడ్జ్ చిప్, అంటే యూఎస్‌బీకీ డ్రైవుకూ మధ్య దుబాసీ, బుద్ధిగా ఉంటే పెట్టుకోండి. లేచినప్పుడల్లా రీసెట్ లైన్లు లాగ్‌లో కనిపిస్తుంటే ఆ చిప్‌కు ఈ పని చేతకాదని అర్థం, "ఆన్"కు తిప్పేయండి. మిగిలే కాస్త కరెంటు కోసం సగంలో ఆగిపోయే కాపీలు ఎందుకు?

తిరిగే డిస్క్ అయితే టైమరు దానికే వదలండి

హార్డ్‌డిస్క్ దగ్గర లెక్క మారుతుంది. 3.5 అంగుళాల డ్రైవు ఊరికే తిరుగుతూ ఉంటేనే 4 నుంచి 6 వాట్లు తాగుతుంది, 2.5 అంగుళాలది ఒక వాట్ అటూఇటూ. తిరగడం ఆపితే అందులో చాలా భాగం మిగులుతుంది, వేడి తగ్గుతుంది, చప్పుడు పోతుంది. కాబట్టి ఆపాలి. ఆపేది ఎవరన్నదే ప్రశ్న.

నా ఓటు డ్రైవు ఫర్మ్‌వేర్‌కే, అంటే దాని లోపలి ప్రోగ్రాముకే. హెచ్‌డీపార్మ్ అనే కమాండులో పెద్ద ఎస్ ఆప్షన్‌తో డ్రైవుకే వ్యవధి చెప్పొచ్చు. అక్కడి అంకెలు మొదటిసారి చూస్తే తికమకగా ఉంటాయి. 1 నుంచి 240 వరకు ఒక్కో అంకె 5 సెకన్లు, అంటే 120 అని ఇస్తే 10 నిమిషాలు, 240 అంటే 20 నిమిషాలు. 241 నుంచి 251 వరకు అరగంట లెక్క, అంటే 242 ఇస్తే గంట. ఇలా పడుకున్న డ్రైవును చదవబోతే తనే లేస్తుంది. కెర్నల్‌కు ప్రత్యేకంగా తెలియాల్సిన పని లేదు, మౌంట్ చెక్కుచెదరదు. లేవడానికి కొన్ని సెకన్లు పడుతుంది, అంతసేపు ఫైల్ మేనేజరు బిగుసుకుపోయినట్టు ఉంటుంది. అది తప్పదు.

ఇందులో ఇబ్బంది ఒక్కటే: ఈ కమాండు డ్రైవు దాకా చేరాలంటే ఎన్‌క్లోజరులోని బ్రిడ్జ్ చిప్ ఏటీఏ కమాండ్లను (డ్రైవు సొంత భాషను) లోపలికి దాటించాలి. కొన్ని దాటించవు. అప్పుడు హెచ్‌డీ ఐడిల్ అనే చిన్న డీమన్ (వెనకాల నడిచే ప్రోగ్రాము) పనికొస్తుంది. అది కెర్నల్ డిస్క్ గణాంకాలు చూస్తూ ఉండి, చెప్పినంతసేపు చదవడం, రాయడం లేకపోతే స్కజీ స్టాప్ కమాండు పంపుతుంది. స్కజీ పద్ధతిలో ఆపిన డ్రైవు మళ్లీ స్టార్ట్ అని చెబితే గానీ కదలకపోవచ్చు. ఈ తంటా కెర్నల్ వాళ్లకు ముందే తెలుసు. యూఎస్‌బీ స్టోరేజ్ డ్రైవర్ తన డిస్కులకు రీస్టార్ట్ అనుమతిని ముందే ఆన్ చేసి ఉంచుతుంది, అవసరమైతే స్టార్ట్ కమాండును కెర్నలే పంపుతుంది.

వ్యవధి ఎంత పెట్టాలి? ఇక్కడే మనవాళ్లకు పొదుపు పిచ్చి ఎక్కువవుతుంది. 2.5 అంగుళాల డ్రైవులకు తయారీదారులు సాధారణంగా ఇచ్చే హెడ్ (చదివి రాసే ముక్క) లోడ్, అన్‌లోడ్ పరిమితి 6,00,000 సార్లు. వినడానికి పెద్ద అంకె. హెడ్ అరనిమిషానికి ఒకసారి పార్క్ అయి లేస్తోందనుకోండి, రోజుకు 2880 సార్లు. 6,00,000 అయిపోవడానికి 208 రోజులు చాలు. 3,00,000 పరిమితి ఉన్న డెస్క్‌టాప్ డ్రైవుకైతే 104 రోజులే. కరెంటు బిల్లులో నాలుగు రూపాయలు మిగిల్చి డ్రైవును ఏడాది తిరక్కుండా అరగదీసుకోవడం అన్నమాట. డ్రైవు తన ఆరోగ్యం రాసుకునే స్మార్ట్ పట్టికలో 193వ వరుసలో ఈ లోడ్ లెక్క ఉంటుంది, 4వ వరుసలో స్టార్ట్, స్టాప్ లెక్క. ఈ రోజు ఆ రెండు అంకెలు రాసుకోండి, వారం తర్వాత మళ్లీ చూడండి. వాటి మధ్య తేడా మీకు ఏ గైడూ చెప్పనిది చెబుతుంది. హెడ్ మరీ తొందరగా పార్క్ అవుతుంటే హెచ్‌డీపార్మ్ పెద్ద బీ ఆప్షన్ చూడండి. 1 నుంచి 127 వరకు స్పిన్‌డౌన్‌కు (తిరగడం ఆపడానికి) అనుమతి ఇస్తాయి, 128 నుంచి 254 వరకు ఇవ్వవు.

నేనైతే బ్యాకప్ డ్రైవుకు 20 నిమిషాలు పెడతాను. సినిమాలు, పాటలు ఉన్న డ్రైవుకు గంట. 10 నిమిషాల కంటే తక్కువ దేనికీ పెట్టను.

ఇంత చేసినా డ్రైవు అస్తమానూ లేస్తోందంటే లేపేది ఎవరో పట్టుకోవాలి. తరచుగా దొరికే దొంగలు ఇద్దరు. ఒకడు ఫైల్ ఇండెక్సర్, అంటే వెతకడానికి వీలుగా ఫైళ్ల జాబితా తయారుచేసే ప్రోగ్రాము. రెండోవాడు స్మార్ట్‌డీ, డిఫాల్ట్‌గా 30 నిమిషాలకోసారి డ్రైవు ఆరోగ్యం అడుగుతుంది. పడుకున్న డ్రైవును లేపి మరీ "బాగున్నావా" అనకుండా దాని కాన్ఫిగ్‌లో "ఎన్ స్టాండ్‌బై" అన్న ఆప్షన్ పెట్టాలి.

మూత మూసినప్పుడు: పర్‌సిస్ట్ ఉంచాలా, తీసేయాలా

ఇప్పుడు అసలు ప్రమాదం ఉన్న చోటుకు వద్దాం. సిస్టమ్ సస్పెండ్ అయినప్పుడు కొన్ని మిషన్లలో యూఎస్‌బీ పోర్టులకు కరెంటు అందుతూనే ఉంటుంది, కొన్నింటిలో ఆగిపోతుంది. హైబర్నేట్ (మెమరీని డిస్కులో దాచి పూర్తిగా ఆపడం) అయితే కంట్రోలరు స్థితి మొత్తం పోతుంది. ఇలా లింకు తెగితే యూఎస్‌బీ నియమం ప్రకారం పరికరాన్ని పీకేసినట్టే లెక్క. పాత కెర్నళ్లలో అదే జరిగేది: మౌంట్ అయి ఉన్న ఫైల్ సిస్టమ్ గాల్లో కలిసిపోయేది.

దానికి విరుగుడుగా వచ్చిందే యూఎస్‌బీ పర్‌సిస్ట్. దాని డాక్యుమెంటును ఆలన్ స్టెర్న్ 2006లో రాశారు. కిటికీలోంచి బస్సు సీటు మీద తువ్వాలు వేసి సీటు ఆపుకున్నట్టు, కెర్నల్ డ్రైవు స్థానాన్ని ఖాళీ చేయకుండా ఆపి ఉంచుతుంది. లేచాక ఆ పోర్టులో ఉన్న పరికరాన్ని రీసెట్ చేసి, దాని డిస్క్రిప్టర్లు (తన గురించి తాను చెప్పే వివరాలు), ఐడీలు, సీరియల్ నంబరు పాతవాటితో పోల్చి చూస్తుంది. అన్నీ కలిస్తే పాత డ్రైవే అనుకుని పని కొనసాగిస్తుంది. ఇప్పటి కెర్నళ్లలో ఇది మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది. మొదట్లో చెప్పిన ఎస్‌డీసీ కథ ఇప్పటికీ జరుగుతోందంటే సాధారణంగా కారణం బ్రిడ్జ్ చిప్పే. ఆలస్యంగా లేవడమో, లేచి వేరే జవాబు చెప్పడమో చేసి ఉంటుంది.

ఆ పోలికలో ఉన్న లొసుగు చూశారా? అందులో పోల్చేది పరికరాన్నే, లోపలి సరుకును కాదు. కార్డ్ రీడరులో ఒక కార్డు పెట్టి మూత మూశారు, నిద్రలో ఉండగా దాన్ని తీసి ఇంకో కార్డు పెట్టారు. రీడరు అదే, సీరియల్ నంబరు అదే. కెర్నల్ దృష్టిలో ఏమీ మారలేదు. మొదటి కార్డు తాలూకు ఫైల్ పట్టిక దాని మెమరీలో ఉంటుంది, దాన్ని తీసుకెళ్లి రెండో కార్డు మీద రాస్తుంది. రెండు కార్డులు వాడే ఫొటోగ్రాఫరుకు ఇది పెళ్లి ఫొటోలు పోయేంత పెద్ద దెబ్బ. సీరియల్ నంబరే లేని చవక పెన్‌డ్రైవులు ఒకే మోడల్‌వి రెండు ఉన్నా ఇంతే. ఆ డాక్యుమెంటులో హెచ్చరికను పెద్ద అక్షరాల్లో రాసింది ఊరికే కాదు.

లాప్‌టాప్‌లోనే ఉండే ఎస్‌డీ స్లాట్ యూఎస్‌బీ ద్వారా కాకుండా నేరుగా ఎంఎంసీ (ఎస్‌డీ కార్డుల) కంట్రోలరుకు కలిసి ఉంటే పరిస్థితి మెరుగు. ప్రతి ఎస్‌డీ కార్డులోనూ సీఐడీ అనే 128 బిట్ల గుర్తింపు ఉంటుంది. తయారీదారు, సీరియల్ నంబరు, తయారైన నెల అందులోనే ఉంటాయి. లేచాక కెర్నల్ దాన్ని చదివి పాతదానితో పోల్చుతుంది, తేడా వస్తే పాత కార్డును వదిలేస్తుంది. అంటే ఇక్కడ చూసేది రీడరును కాదు, కార్డునే. ఒకప్పుడు ఎంఎంసీ అన్‌సేఫ్ రెజ్యూమ్ అనే కెర్నల్ ఆప్షన్ ఉండేది, మెనూలో దాని పక్కనే "డేంజరస్" అని రాసి ఉండేది. తర్వాతి వెర్షన్లలో ఆ ఆప్షన్‌నే తీసేశారు.

సీఐడీ కూడా ఆపలేని సందర్భం ఒకటి మిగిలింది. ఎక్కువగా దెబ్బ తినేది డ్యూయల్ బూట్ వాళ్లు. లైనక్స్‌ను హైబర్నేట్ చేస్తారు, డ్రైవు మౌంట్ అయ్యే ఉంటుంది. విండోస్‌లోకి వెళ్లి అదే డ్రైవులో నాలుగు ఫైళ్లు మారుస్తారు. మళ్లీ లైనక్స్‌ను లేపుతారు. డ్రైవు అదే, గుర్తింపులన్నీ కలుస్తాయి, కానీ లైనక్స్ మెమరీలో ఉన్నది నిన్నటి పట్టిక. ఆ తర్వాత అది రాసే ప్రతి రాతా విండోస్ రాసినదాని మీద పడుతుంది. కార్డును తీసి ఫోనులో పెట్టి నాలుగు ఫొటోలు డిలీట్ చేసి తిరిగి పెట్టినా ఇదే కథ.

అందుకే నా సలహా ఇది. ఎప్పుడూ ఒకే పోర్టులో ఉండే, ఎవరూ ముట్టుకోని డ్రైవుకు పర్‌సిస్ట్ ఆన్‌లోనే ఉంచండి. ఆపరేటింగ్ సిస్టమే యూఎస్‌బీ డ్రైవు మీద ఉన్నవాళ్లకు అది ప్రాణం. యూఎస్‌బీ కార్డ్ రీడరుకు మాత్రం పర్‌సిస్ట్ ఫైల్‌లో 0 రాయండి. లేచాక కార్డు మళ్లీ మౌంట్ చేసుకోవాల్సి వస్తుంది, అంతే. హైబర్నేట్ వాడేవాళ్లయితే ఏ డ్రైవైనా సరే, ముందు అన్‌మౌంట్ చేయండి. దీనిలో మినహాయింపులు వెతకొద్దు.

చేత్తో తీసేవాళ్లకు

పెన్‌డ్రైవుకు పవర్ మేనేజ్‌మెంట్ గురించి బుర్ర పాడుచేసుకోవాల్సిన పని లేదు. దాని దగ్గర అసలు విషయం అన్‌మౌంట్. విండోస్ 10లో 1809 వెర్షన్ నుంచి బయటి డ్రైవులకు క్విక్ రిమూవల్ డిఫాల్ట్ అయింది, అందుకని అక్కడ అలవాటైనవాళ్లు లైనక్స్‌లోనూ టక్కున పీకేస్తారు. లైనక్స్ రాతలను మెమరీలో ఆపుకుని తర్వాత రాస్తుంది. డిఫాల్ట్ ప్రకారం 30 సెకన్ల వయసు దాటిన రాతలను, 5 సెకన్లకోసారి లేచే పనివాడు డ్రైవుకు పంపుతాడు. కాపీ బార్ నిండగానే పని అయిపోయిందని కాదు. దీనికోసం సింక్ ఆప్షన్‌తో మౌంట్ చేయకండి, ఫ్లాష్ అరిగిపోతుంది, వేగం చచ్చిపోతుంది. ఫ్యాట్ ఫార్మాట్ డ్రైవులకు ఫ్లష్ అనే మౌంట్ ఆప్షన్ ఉంది, రాతలను తొందరగా పంపేస్తుంది. అది చాలు.

హార్డ్‌డిస్కును తీసేముందు అన్‌మౌంట్ ఒక్కటీ సరిపోదు. ప్లాటర్లు (లోపలి పళ్లేలు) ఇంకా తిరుగుతూ ఉంటాయి, కేబుల్ లాగితే హెడ్‌లు అత్యవసరంగా వెనక్కి లాక్కుంటాయి. స్మార్ట్ 192వ వరుసలో ఆ లెక్క పెరుగుతూ పోతుంది. యూడిస్క్స్ పవర్ ఆఫ్ కమాండు, లేదా ఫైల్ మేనేజరులో దానికి సమానమైన సేఫ్లీ రిమూవ్, కాషెను ఖాళీ చేసి, ప్లాటర్లను ఆపి, పరికరాన్ని కెర్నల్ నుంచి తొలగిస్తుంది. ఆ తర్వాత కూడా లైటు వెలుగుతూ ఉండొచ్చు, ఎందుకంటే పోర్టుకు విడిగా కరెంటు కట్ చేసే వీలు చాలా హబ్బుల్లో ఉండదు. కమాండు ఎర్రరు లేకుండా ముగిసి, చేతికి తిరుగుడు తెలియకపోతే తీసేయొచ్చు. మళ్లీ వాడాలంటే పీకి పెట్టాల్సిందే.

రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరుకు డ్రైవులు తగిలించి ఇంట్లో సర్వరు నడిపేవాళ్లు ఇంకో లెక్క వేసుకోవాలి. రాస్‌బెర్రీ పై 4లో యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి 1.2 యాంపియర్లే. రాస్‌బెర్రీ పై 5లో 3 యాంపియర్ల అడాప్టరుతో 600 మిల్లీయాంపియర్లు, 5 యాంపియర్ల అడాప్టరుతో 1.6 యాంపియర్లు. తిరుగుతూ ఉన్న డిస్కు కంటే లేచే డిస్కు చాలా ఎక్కువ లాగుతుంది. రెండు డిస్కులు ఒకే క్షణంలో లేస్తే వోల్టేజీ పడిపోయి రెండూ డిస్‌కనెక్ట్ అవుతాయి. అక్కడ స్పిన్‌డౌన్ పెట్టుకోవాలంటే ముందు సొంత అడాప్టరున్న హబ్బు కొనండి. లేదంటే డిస్కులను తిరగనివ్వండి.

ఈ సెట్టింగులన్నీ రీబూట్ అయితే పోతాయి, కాబట్టి యూడెవ్ రూల్‌లో రాసుకోవాలి. అప్పుడు అన్ని డ్రైవులకూ కలిపి ఒకే రూల్ రాయకండి. ఫలానా వెండర్, ఫలానా ప్రొడక్ట్ ఐడీ ఉన్న రీడరుకు పర్‌సిస్ట్ 0, ఫలానా ఎస్‌ఎస్‌డీకి ఆటో అని విడివిడిగా రాయండి. సస్పెండ్ పెట్టకపోయినా డ్రైవు మధ్యమధ్యలో ఊడిపోతుంటే, లింకు పవర్ సేవింగ్ ఆ చిప్‌కు పడటం లేదేమో చూడండి. యూఎస్‌బీ కోర్ క్వర్క్స్ (తిక్క పరికరాలకు మినహాయింపులు) పారామీటరులో ఆ ఐడీ పక్కన కే అక్షరం పెడితే దానికి మాత్రమే ఆ సేవింగ్ ఆగుతుంది. అదీ కుదరకపోతే యూఎస్‌బీ స్టోరేజ్ క్వర్క్స్‌లో యూ అక్షరం పెట్టి యూఏఎస్ (వేగవంతమైన యూఎస్‌బీ స్టోరేజీ పద్ధతి) ఆపేయండి. వేగం కొంత తగ్గుతుంది. ఆ రెండూ చేసినా ఊడిపోతుంటే కేబుల్ మార్చి చూడండి, తర్వాత ఎన్‌క్లోజరు.